కట్టమంచివారి కొలబద్ద: ముసలమ్మ మరణము

కవియే విమర్శకుడును అయినప్పుడు చదువరికి ఒక సౌకర్యమును, ఒక చిక్కును కలుగుచుండును. కవిత్వమెట్లుండవలెనో ఆయనయే చెప్పియుండును గనుక ఆయన కావ్యమును ఏ తక్కెడలో తూచవలెనో మనము వెదకికొన నక్కఱలేదు, ఇది సౌకర్యము. ఆ తక్కెడను ఆయన కావ్యమునకే పట్టుట మర్యాద కాదేమోయని మన చేయి వెనుకాడును, ఇది చిక్కు. కట్టమంచి రామలింగారెడ్డిగారి విషయమున మనము చాలకాలముగా ఈ వెనుకాటులోనే యున్నాము. 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసిన విమర్శకునిగా వారిని ఒక సభలో పొగడుదుము. 'ముసలమ్మ మరణము' వ్రాసిన కవిగా మఱియొక సభలో పొగడుదుము. ఆ రెండు పుస్తకములను ఒక బల్లమీద ప్రక్కప్రక్కన నుంచి చదువువారు అరుదు. నన్నట్లు చదువుటకు పురికొల్పినది పండితులెవ్వరును కారు. ఎనిమిదవ తరగతి చదువుచుండిన యొక బాలిక.

మాది బొంరాస్‌పేట. కొడంగలు దాపున, నేటి వికారాబాదు జిల్లాలో నున్నది. ఇచ్చటి సేద్యము వానను, బావిని, చెరువును నమ్ముకొన్న సేద్యము. ఈ ప్రాంతమున చెరువున్నచోట కట్టయు, కట్టపై కట్టమైసమ్మ గుడియు నుండుట వాడుక. వానలు ముదిరినప్పుడు మత్తడి దూకుచున్నదా యని పిల్లలు సయితము పరుగెత్తి చూతురు. అట్టి యొక వర్షాకాలపు మధ్యాహ్నమున పాఠము ముగిసి, వాన వెలియక, పిల్లలను ఇంటికి పంపుటకు వీలుగాక, పొద్దుపుచ్చుటకై ముసలమ్మ కథ చెప్పితిని. బుక్కరాయసముద్రపు చెరువు తెగబోవుట, ఇంటి కోడలిని బలి యిచ్చిననే కట్ట నిలుచునని దేవత పలుకు వినబడుట, ఆ యిల్లాలు అత్తమామలను, భర్తను వీడ్కొని నీటిలోనికి నడచుట, ఊరు బ్రదుకుట, ఇవన్నియు నాకు చేతనైనంత రసవత్తరముగా చెప్పితిని. తరగతి నిశ్శబ్దమయ్యెను. నేను లోలోన సంతోషించితిని. అప్పుడు వెనుక వరుసనుండి ఆ బాలిక లేచి, "ఊరి పెద్దమనుషుల్ల ఒక్కరి పేరన్న అమ్మవారు ఎందుకు చెప్పలే సార్?" అని యడిగెను.

త్యాగము చేయగల హృదయము స్త్రీకే యుండును అని ఏదో యొక మాట చెప్పి కూర్చుండబెట్టితిని. ఆమె కూర్చుండినది గాని ఒప్పుకొన్నట్లు కనబడలేదు. ఇంటికి వచ్చిన తరువాత నా యుత్తరము నాకే రోత పుట్టించినది. అది జవాబు గాదు; ప్రశ్నను కప్పిపుచ్చిన శాలువ. ఆ రాత్రియే రెడ్డిగారి రెండు పుస్తకములను దించి మొదటినుండి చదువ నారంభించితిని. ఈ వ్యాసము ఆ చదువునుండి పుట్టినది.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, అచ్చటి ఆంధ్ర భాషాభిరంజనీ సమాజము పెట్టిన పోటీకై 1899లో 'ముసలమ్మ మరణము' వ్రాసి బహుమానము పొందిరి. మఱుసటి సంవత్సరము అది అచ్చుపడెను. పందొమ్మిదేండ్ల విద్యార్థి వ్రాసినదనుట మఱవరాదు. తరువాత కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్సు కళాశాలలో చదివి, అచ్చటి విద్యార్థులలో గొప్ప వక్తయని పేరు తెచ్చికొనిరి. బరోడాలోను మైసూరులోను విద్యాశాఖ కొలువులు చేసిరి. తెలుగున అర్థశాస్త్ర గ్రంథమును రచించిరి. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువడెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితము కాగా దానికి ప్రథమోపాధ్యక్షులైరి. స్వాతంత్ర్యోద్యమముపై ప్రభుత్వము సాగించిన నిర్బంధమునకు నిరసనగా పదవిని వదలుకొనిరి. నడుమ సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పీఠము నలంకరింపగా, రెడ్డిగారు 1936లో మరల వచ్చి 1949 వఱకు నడపిరి. వివాహము చేసికొనలేదు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి.

ఈ జీవితమున మన ప్రస్తుతమునకు కావలసిన విషయమొకటి కలదు. మొదట కావ్యము, పదునైదేండ్ల తరువాత విమర్శ. కొలబద్దను చేతబట్టి వారు కావ్యము వ్రాయలేదు. కావ్యము వ్రాసిన పిమ్మట, లోకము చూచిన పిమ్మట, కొలబద్దను చెక్కిరి. కావున కావ్యమును ఆ కొలబద్దతో కొలుచుట వారి మాటను వారికే అప్పగించుట కాదు. యువకుడైన రామలింగారెడ్డిని ప్రౌఢుడైన రామలింగారెడ్డి యెదుట నిలుపుట.

'కవిత్వతత్త్వ విచారము' పేరునకు పింగళి సూరన కళాపూర్ణోదయముపై విమర్శ. నిజమునకు తెలుగు కావ్యములనన్నిటిని విచారణకు పిలిచిన న్యాయస్థానము. అంతకు పూర్వము మన విమర్శ సామాన్యముగా మూడు పనులు చేయుచుండెను: కవి కాలమును నిర్ణయించుట, వ్యాకరణ దోషములను పట్టుట, అందమైన పద్యములను ఏర్చి మెచ్చుకొనుట. మూడును పనికివచ్చునవే. కాని వీనివలన కావ్యము మొత్తముగా ప్రాణముతో నున్నదా లేదా యను ప్రశ్న మిగిలిపోవుచుండెను. రెడ్డిగారు ఆ ప్రశ్ననే ముందుకు తెచ్చిరి. కవిత్వమునకు ప్రాణము భావనాశక్తియనిరి. కథ యొక క్రమమున పెరుగుచున్నదా, పాత్రలు తమ స్వభావమునుండి నడచుచున్నవా, వర్ణనలు కథకు చేయూత యగుచున్నవా లేక కథను మ్రింగివేయుచున్నవా అని యడిగిరి. ఈ ప్రశ్నల యెదుట పలు ప్రబంధములు తలవంచినవి. పురవర్ణనము, ఋతువర్ణనము, నాయిక యవయవవర్ణనము, విరహము, చంద్రోపాలంభము: ఇవన్నియు ఒక కావ్యమునుండి తీసి మఱియొక కావ్యమున అతికించినను చదువరికి తెలియని స్థితి ఏర్పడినదని ధైర్యముగా చెప్పిన విమర్శకులలో వారు అగ్రగణ్యులు. తిక్కనయందు వారికి మిక్కిలి గౌరవము, సూరనయందు ప్రేమ.

ఈ పుస్తకము వెలువడిన నాటినుండి వారిపై ఒక నేరము మోపబడుచున్నది. ఇంగ్లీషువాని గజముతో తెలుగు బట్టను కొలిచిరని. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. వారు అరిస్టాటిలును, ఆంగ్ల విమర్శకులను చదివినవారు. ఆ చదువు వారి వాక్యముల వెనుక కనబడుచునే యున్నది. అయినను సంస్కృతాలంకారశాస్త్రము కొంత చదివినవానిగా నా యభిప్రాయము వేఱు. ప్రతిభయే కావ్యహేతువని మన యాలంకారికులే చెప్పిరి. ఔచిత్యభంగమే రసభంగమునకు మూలమని ఆనందవర్ధనుడు ఘంటాపథముగా చెప్పెను. క్షేమేంద్రుడు ఔచిత్యమునకే ప్రత్యేకముగా గ్రంథము వ్రాసెను. ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతమున రామాయణమునకు కరుణమును, భారతమునకు శాంతమును ప్రధానరసములుగా నిరూపించుచు, ఆనందవర్ధనుడు కావ్యమును మొత్తముగానే చూచెను. అనగా విత్తనము మన యింటిలోనే యుండెను. అయితే తరువాతివారు ఆ విత్తనమును నాటక, ఒక్కొక్క శ్లోకమునకు ఒక్కొక్క యలంకారమును చూపుటలో తృప్తిపడిరి. రెడ్డిగారు కొన్న గజము కేంబ్రిడ్జిది కావచ్చును; కొలిచిన బట్ట మనది, అందలి చిరుగులు మనవి. గజము ఎచ్చటిదను విచారణతో చిరుగు మాయదు.

వారి సిద్ధాంతమును మన యాడువారికి, పిల్లలకు సులువుగా చెప్పవలెనన్న, వారు విమర్శించిన కళాపూర్ణోదయములోనే ఒక చక్కని కథ కలదు. సుగాత్రి నవవధువు, శాలీనుడు మిక్కిలి సిగ్గరియైన భర్త. ఆమె నిండుగా నగలు పెట్టుకొని దగ్గఱకు పోయిన నాళ్లలో అతడు తలయెత్తియైన చూడడు. ఒకనాడు గాలివాన వచ్చినది. తోటలో నున్న భర్తకు ఏమగునోయని ఆమె బయలుదేఱి, నగలు తీసివేసి, చెంగు బిగించి, అతనితోపాటు తోటపని చేసినది. శ్రమతో చెమర్చిన ఆ ముఖమును చూచి అతని సిగ్గు కరగెను, అనురాగము పుట్టెను. దీనిని సూరన కావ్యతత్త్వముగా చెప్పలేదు. నేను నా సౌకర్యమునకై అట్లు వాడుకొనుచున్నాను. నగలు పెట్టుకొని నిలుచుండిన కవిత్వమును మన హృదయము తలవంచుకొని దాటిపోవును. పనిలోనికి దిగిన కవిత్వమును తలయెత్తి చూచును. రెడ్డిగారు ప్రబంధ కవులను అడిగినది ఇంతియే: మీ నాయికలు ఎప్పుడైన నగలు తీసి తోటలోనికి దిగిరా?

ఇక ఆ ప్రశ్నతోనే ముసలమ్మ దగ్గఱకు పోవుదము.

మొదట ఆమెకు దక్కవలసినది దక్కనిత్తము. బ్రౌను దొర శ్రద్ధవలన వెలుగు చూచిన అనంతపుర చరిత్రలోని కథ యిది. రాజుల యుద్ధముల నడుమ ఒక మూల నున్న ఊరికథ. పందొమ్మిదేండ్ల విద్యార్థి ఆ మూలకథను ఏరుకొనుటయే యొక సాహసము. నాటి పద్యకావ్యమునకు నాయిక కావలెనన్న రాజకుమారియో, అప్సరసయో, పురాణస్త్రీయో కావలెను. కాపుదనపు టింటి కోడలు, ఆ పైని ముసలమ్మ యను పేరుగలది, నాయిక యగుట మన కావ్యసభలో ఎవరును ఎదురుచూడని విషయము. ఆమె సౌందర్యమువలన కథ నడవదు. ఆమె నిశ్చయమువలన నడచును. సుగాత్రివలె ఈమెయు నగలతో గాక పనితోనే మన యెదుటికి వచ్చినది. విమర్శకుడు తరువాత కోరబోవు గుణమును కవి ముందుగానే, పేరు తెలియకయే, పట్టుకొనెను.

రెండవది దుఃఖాంతము. కావ్యము మరణముతో ముగియును. పేరులోనే ఆ మాట యున్నది. మన నాటక సంప్రదాయము మంగళాంతమును కోరును. భాసుని ఊరుభంగము దుఃఖాంతమే గదా యని నేడు మనము చెప్పగలము. కాని గణపతిశాస్త్రిగారు తిరువనంతపురమున భాసనాటకములను అచ్చు వేయ నారంభించినది 1912లో. 1899లో మద్రాసులో చదువుచుండిన విద్యార్థికి ఆ తోడు లేదు. పాఠకుని కన్నీటితో ఇంటికి పంపుట తెలుగు పద్యకవికి అలవాటు లేని పని. అతడు ఆ పనిని చేసెను. కడపట ఏ దేవతయు దిగివచ్చి ఆ యిల్లాలిని బ్రదికింపదు. ఆధునిక ఖండకావ్యమునకు దీనిని ఆదిగా చెప్పువారు చెప్పుటకు ఇది చాలిన కారణము.

ఇంతవఱకు కొలబద్దకు కావ్యము సరిపోయినది. ఇక సరిపోని చోటు. ఆ బాలిక వ్రేలు పెట్టి చూపినది ఆ చోటునే.

పాత్రలు తమ స్వభావమునుండి నడవవలెను గదా. ముసలమ్మ అట్లే నడచును. ఆమె చుట్టును ఉన్న ఊరు నడచునా? చెరువు తెగునన్న భయము ఊరివారి నందఱను పట్టుకొన్నది. అప్పుడు దేవత పలుకు వినబడినది. ఆ పలుకుతో కథలోని బరువంతయు ఒక్క స్త్రీ భుజముమీద పడినది. మిగిలిన వారందఱును ప్రేక్షకులైరి. ఆ పలుకు నిజమా, దానికి లోబడుట ధర్మమా, ఒక ప్రాణమునకు ఊరు వెలకట్టవచ్చునా అను సంశయము కథకు ఇరుసు కాలేదు. దేవత యడిగెను, ఆమె యిచ్చెను, కట్ట నిలిచెను. బలి ఫలించినది గనుక బలి సరియైనదే యని కథయే తీర్పు చెప్పినట్లయ్యెను. ప్రబంధములలో శాపములు, వరములు, ఆకాశవాణులు కథను నడపుచు మనుష్యులను బొమ్మలు చేయునని విసుగుకొను విమర్శకునకు ఈ యాకాశవాణి ఎట్లు రుచించునో యోజింపుడు. కొలబద్ద చెక్కిన చేయి కావ్యమున ఈ ముక్కను కొలిచియుండిన, ఇది ప్రబంధపు పాతదూలము, క్రొత్తయింటిలో చొప్పింపబడినది అని యుండును.

భాషయు అట్టిదే. కథ కట్టమీదిది, మాట గ్రంథములోనిది. పద్యము ప్రౌఢకావ్య ఫణితిని విడువలేదు. వ్యావహారిక భాషావాదము ఇంకను తలయెత్తని కాలమున వ్రాసిన విద్యార్థిని దీనికి తప్పు పట్టుట న్యాయము గాదు. నేనే యీ వ్యాసమును ఏ భాషలో వ్రాయుచున్నానో చదువరులు చూచుచునే యున్నారు. అయినను కడపటి వీడ్కోలున ఒక కోడలు అత్తతో ఆడు మాటలో మనకు వినబడవలసిన ఇంటిగొంతు సమాసముల వెనుక కొంత మఱుగుపడినదనుట తప్పదు.

ఇచ్చట మఱియొక దేశపు కథ తలపునకు వచ్చుచున్నది. యవనకవి యురిపిడీసు నాటకమున ఓడలు కదలుటకు గాలి వీవవలెనన్న రాజపుత్రియైన ఇఫిజినియాను బలి యీయవలెనని దేవత కోరినదందురు. ఆ నాటకమున బలికంటె బలి చుట్టును జరుగు మనుష్యవ్యాపారమే ప్రధానము. తండ్రి జాబు వ్రాసి, మార్చి, సిగ్గుపడును, పినతండ్రి ఎత్తిపొడుచును, తల్లి నిలదీయును, సైన్యము తొందరపెట్టును. బాలిక మొదట బ్రదుకనిమ్మని కాళ్లు పట్టుకొని, తరువాత తానే ముందునకు వచ్చును. ఈ మార్పు స్వభావవిరుద్ధమని అరిస్టాటిలు తప్పు పట్టెను. అంతటివానితో వాదించు చనువు నాకు లేదు గాని, చావునకు భయపడి ఏడ్చిన పిల్లయే తరువాత ధైర్యము తెచ్చికొనుట మా బడిపిల్లలను చూచిన నాకు విరుద్ధముగా తోచదు. ఆ మార్పు ఎట్లున్నను, దేవత కోరెనను మాట చాటున ఏయే మనుష్యులు దాగికొనిరో ఆ కవి ఒక్కొక్కరిగా బయటికి లాగెను. మన ముసలమ్మ కథలో అట్లు లాగబడినవారు లేరు.

మన తెలుగులోనే మఱియొక బాలిక నీటిలో మునిగినది. గురజాడ అప్పారావుగారి పూర్ణమ్మ. ముదుసలి మగనికి కట్టబెట్టబడిన యా పిల్ల, దుర్గను పూజింపబోయి, కొలనిలో కలిసిపోవును. ఆ కథలోను దేవత యున్నది, పూవులున్నవి, నీరున్నది. కాని ఆ మరణమునకు ఎవరు కారకులో చదివిన ప్రతి తండ్రికిని తెలియును. డబ్బు పుచ్చుకొన్న చేతులు ఆ కొలనిలో మనకు ప్రతిఫలించును. ముసలమ్మను చదివి లేచినప్పుడు మనము ఆమెకు నమస్కరింతుము. పూర్ణమ్మను చదివి లేచినప్పుడు మన చేతులు చూచుకొందుము. సంఘసంస్కారమును కోరు కుటుంబములలో ఈ రెండు పనులును జరుగవలసినవే. రెండవది చేయక మొదటిదే చేయుచుండుట ప్రమాదము. నమస్కారము చౌకయైనది; దేవతయని యొకమారు నమస్కరించినచో ఆమెకు మఱేమియు ఈయ నక్కఱలేదు.

ఇందులకు ప్రత్యుత్తరముగా రసజ్ఞుడైన యొక మిత్రుడు నాతో నిట్లనెను: "గ్రామదేవతను తీసివేసిన ఆ కథయే లేదు. జనుల విశ్వాసమును కవి గౌరవించెను. మీరు కావ్యమును సంఘసంస్కరణ సభగా చేయుచున్నారు." ఇందు కొంత సత్యము కలదు. కథనుండి దేవతను తీసివేయుమని నేననుట లేదు. దేవత యుండవచ్చును, ఆమె యడుగవచ్చును. ఆ పలుకు విన్న మనుష్యుల ముఖములు నాకు చూపుడని యడుగుచున్నాను. తన పేరు రానందుకు లోలోన ఊపిరి పీల్చుకొన్నవాడు ఒక్కడైన ఆ కట్టమీద లేడా? వానిని చూపుట సభాపని కాదు; కవిపని. భావనాశక్తి యనగా అదియే గదా. పాత్ర లోపలికి ప్రవేశించుట ముసలమ్మతోనే ఆగరాదు.

చెరువు సంగతి తెలిసినవానికి ఇంకొక సందేహము కలుగును. కట్ట ఊరకయే తెగదు. మత్తడి పూడి నీరు పోవుదారి లేకున్న తెగును. తూము దగ్గఱ కారుటను పట్టించుకొనకున్న తెగును. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొఱియలను పూడ్చకున్న తెగును. పూడిక పేరుకొని నీరు పట్టుచోటు తగ్గిన, పెద్దవాన కట్టమీదుగానే పొర్లి తెగును. రాయలసీమలో చెరువు త్రవ్వినవారికిని బాగుచేయువారికిని దశబంధమను పేర మాన్యములిచ్చు వాడుక యుండెను. అనగా కట్టను కాచుట ఎవరి పనియో ఆ నాటివారికి స్పష్టముగా తెలియును. కాపాడవలసినవారు కాపాడక, గండి పడబోవు రాత్రి దేవత పేరు చెప్పి ఒక కోడలి మొగమునకు చూచినచో, ఆ కథ త్యాగగాథ మాత్రమే కాదు, లెక్క చెప్పని పెద్దల కథయు నగును. ఈ రెండవ కథ మొదటిదాని కడుపులోనే యున్నది. పందొమ్మిదవ యేట రెడ్డిగారు దానిని బయటికి తీయలేదు. ముప్పదినాలుగవ యేట వారు వ్రాసిన పుస్తకము, దానిని బయటికి తీయుటకు కావలసిన పనిముట్టును మనకు ఇచ్చినది.

ఆ తరువాత వారు మరల కావ్యము వైపునకు వచ్చినప్పుడు బిల్హణుని పాతకథను తీసికొని దానికి 'నవయామిని' యని పేరు పెట్టిరి. ఆ పేరులోని మొదటి రెండక్షరములు నాకు ముచ్చట గొల్పును. గురువును వలచిన రాజకుమారి కథ పాతదే. యామిని మాత్రము క్రొత్తది కావలెనని కవి కోరెను. కథ కవికి దొరికినట్లే ఉండిపో నక్కఱలేదనియు, అందలి స్త్రీని మరల ఆలోచింపవచ్చుననియు ఆ పేరే చెప్పుచున్నది. ముసలమ్మను కూడ అట్లే నవముసలమ్మగా చేయు నవకాశము వారు తీసికొనలేదు. అది మనకు మిగిలిన పని.

అట్లయిన 'ముసలమ్మ మరణము' గొప్ప కావ్యమా కాదా? గొప్ప హృదయముగల కావ్యము, పూర్తి గాని కావ్యము అని నా తీర్పు. నాయికను ఎన్నుకొనుటలో అది తన కాలమును దాటినది. ఆమె చుట్టును ఊరిని నిర్మించుటలో తన కాలముతోనే ఆగిపోయినది. దీనివలన రెడ్డిగారి గౌరవము తగ్గునని నేను తలపను. తాను చేసిన కొలబద్దకు తానును లోబడువాడే నిజమైన విమర్శకుడు. మహాకవులను సయితము నిలువబెట్టి యడిగిన వారిని మనము అడుగకుండుట గౌరవము గాదు. వారిని కట్టమైసమ్మ ప్రక్కన కూర్చుండబెట్టి పసుపుకుంకుమలు పెట్టుట.

ఇండ్లలో చదువుకొను సోదరీసోదరులకు ఒక విన్నపము. ఈ చిన్న కావ్యమును మీ పిల్లలకు చదివి వినిపింపుడు. కాని పూర్ణమ్మతో కలిపి వినిపింపుడు. వినిపించిన పిదప నీతి చెప్పవలదు. వారేమి యడుగుదురో కనిపెట్టియుండుడు. నీతి చెప్పుటకు తొందరపడిన వాడు ఏమి పోగొట్టుకొనునో నాకు అనుభవమున తెలిసినది.

మఱుసటివారము ఆ బాలికను పిలిచి, "నీవు అడిగినదానికి నేను చెప్పిన జవాబు సరిగా లేదమ్మా" అని యొప్పుకొంటిని. ఆమె సిగ్గుపడి నవ్వినది. "మఱి నీకేమి తోచినది?" అని యడిగితిని. కొంతసేపు నేల చూచి, "ఆ రాత్రి అందరు పారలు దీస్కొని కట్టకాడికి వోతే, ముసలమ్మ గుడ మట్టి మోసేటిది గద సార్" అనెను.

సుగాత్రి తోటలోనికి దిగిన కథను నేనామెకు ఎన్నడును చెప్పియుండలేదు.